ఆటగాడి అరెస్టు, అభిమానుల ఊహలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. టెక్సస్‌లోని ఒక విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు ఆటగాడొకడు, తాను అద్దెకుంటున్న అపార్ట్‌మెంటులో రూమ్మేటుతో జరిగిన గొడవ దరిమిలా అరెస్టయి, మర్నాడు పూచీకత్తు మీద విడుదలయ్యాడు. శరీరానికి బాధ కలిగేలా దాడి చేశాడన్న ఆరోపణ తప్ప అధికారులు మరే వివరమూ వెల్లడించలేదు. విశ్వవిద్యాలయం కూడా విషయం తమ దృష్టికి వచ్చిందన్న ఒక్క వాక్యంతో సరిపెట్టింది. మిగతా కథంతా అభిమానులే అల్లుతున్నారు. ఆటగాడి పేరు గానీ రూమ్మేటు పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఈ జవాబులకు వాటితో పని లేదు.

ప్రశ్న: మా అబ్బాయి అదే విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు కనుక మా ఇంట్లో రోజూ ఇదే చర్చ. నిప్పు లేనిదే పొగ రాదు, ఊరికే బేడీలు వెయ్యరు అని మావారు అంటారు. సీజన్ మొదలయ్యే ముందు ఎవరో కావాలని ఇరికించారని అబ్బాయి వాదిస్తాడు. అరెస్టు జరిగిందన్న సంగతిని బట్టి మనం ఎంతవరకు అనుకోవచ్చునో వివరించగలరా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అరెస్టు చెప్పని సంగతులను మీవారూ అబ్బాయీ కూడా దాని చేత చెప్పిస్తున్నారండీ. అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణ ప్రకారం ఒకరిని అరెస్టు చేయడానికి పోలీసు అధికారికి కావలసిందల్లా నేరం జరిగి ఉండవచ్చునని, అది ఈ వ్యక్తే చేసి ఉండవచ్చునని నమ్మడానికి సహేతుకమైన ఆధారం. దీన్నే అక్కడి న్యాయ పరిభాషలో ప్రాబబుల్ కాజ్ అంటారు. శిక్ష పడాలంటే జ్యూరీ ముందు సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది, ఎన్నో కేసులు ఆ దారిలోనే ఆగిపోతాయి.

రూమ్మేట్ల గొడవల విషయంలో టెక్సస్ చట్టంలో మరో విశేషం ఉంది, దాన్ని గమనించకపోతే ఈ అరెస్టు అర్థం కాదు. అక్కడి కుటుంబ చట్టం ఒకే నివాసంలో కలిసి ఉంటున్నవారిని, వారి మధ్య బంధుత్వం ఉన్నా లేకపోయినా, ఒకే ఇంటివారిగా పరిగణిస్తుంది. అందువల్ల అద్దె పంచుకునే ఇద్దరు విద్యార్థులు కొట్టుకున్నా అది భార్యాభర్తల మధ్య హింసకు వర్తించే నిబంధనల కిందికే వస్తుంది, తన కళ్ల ముందు జరగకపోయినా వారెంటు లేకుండా అక్కడికక్కడే అరెస్టు చేసే అధికారం పోలీసుకు ఉంటుంది. పైగా అక్కడి శిక్షాస్మృతిలో శరీరానికి గాయం అంటే రక్తం కారనక్కరలేదు, నొప్పి కలిగితే చాలు. అర్ధరాత్రి అత్యవసర సహాయపు నంబరు 911కు ఫోన్ వచ్చి వెళ్లిన అధికారికి ఎదురుగా ఇద్దరు మనుషులు, రెండు కథనాలు, ఒకరి మెడ మీద గీత కనబడతాయి. అందులో ఎవరు ముందు చెయ్యి చేసుకున్నారు, ఎవరు తమను తాము కాపాడుకునేందుకు తోశారు అన్నది ఆ పది నిమిషాల్లో తేలకపోవచ్చు. అయినా ఆ రాత్రికి ఇద్దరినీ వేరు చేయాలి కనుక, తనకు దొరికిన ఆధారం ఎటు మొగ్గితే అటు నిర్ణయం తీసుకుంటాడు. ఊరికే బేడీలు వెయ్యరన్న మాట నిజమే కాని, నేరం చేశాడని తేలితేనే వేస్తారన్నది నిజం కాదు.

ఇక మీ అబ్బాయి చెప్పే కుట్ర సంగతి. 911 సంభాషణ రికార్డవుతుంది, అధికారుల ఒంటి మీద ఉండే కెమెరాలు కూడా చాలాచోట్ల నడుస్తూ ఉంటాయి, అరెస్టుకు కారణాలను అధికారి ప్రమాణ పూర్వకంగా రాసి సంతకం చేయాలి. అబద్ధం జరగనే జరగదని నేను అనను. అయితే ఇరికించారనే వాదనకు అభిమానులు చూపే సాక్ష్యం సాధారణంగా క్యాలెండరు ఒక్కటే. ఆగస్టు చివర ఆటలు మొదలవుతాయి కాబట్టి ఆగస్టులో జరిగినది కుట్ర అయి తీరాలట. విశ్వవిద్యాలయాలున్న ఊళ్లలో కొత్త అద్దె ఒప్పందాలు సాధారణంగా ఆగస్టులోనే మొదలవుతాయనీ, ఎవరికి ఏ గది, ఎవరి వాటా ఎంత, పాత డిపాజిట్ ఎవరిది అన్న తగాదాలన్నీ సరిగ్గా అప్పుడే రాజుకుంటాయనీ వారికి తోచదు.

మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే చదవవలసిన కాగితాలు రెండున్నాయి. అధికారి ప్రమాణ పూర్వకంగా రాసిచ్చిన ఆ పత్రం ఒకటి. ప్రభుత్వ తరఫు న్యాయవాది అయిన ప్రాసిక్యూటర్ తరువాత కోర్టులో దాఖలు చేసే అభియోగం రెండోది. మొదటిది ఒక పక్షం చెప్పిన మాట మాత్రమే, నిందితుడి మాట అందులో ఉండకపోవచ్చు. అరెస్టయిన వ్యక్తిని 48 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, అక్కడ ఆరోపణ ఏమిటో చెప్పి పూచీకత్తు నిర్ణయిస్తారు. ఆ పూచీకత్తు మొత్తాన్ని చూసి నేరపు తీవ్రతను కొలిచే అలవాటు కూడా అభిమానుల్లో ఉంది. మనిషి మళ్లీ కోర్టుకు వస్తాడా, ఎవరికైనా ముప్పు ఉందా అన్న లెక్కలు కూడా ఆ మొత్తంలో కలిసి ఉంటాయి కనుక అది నమ్మదగిన కొలత కాదు.

ప్రశ్న: ఇంతకు ముందు ఇంకొక కళాశాల ఆటగాడి విషయంలోనూ రూమ్మేటుతో గొడవే అన్నారు గానీ రికార్డులో బర్గ్లరీ అని ఉంది. అంటే దొంగతనాన్ని గొడవగా చూపించి కప్పిపుచ్చుతున్నారనే కదా? (హ్యూస్టన్ పాఠకుడు)

జవాబు: కాకపోవచ్చు. టెక్సస్‌లో అనుమతి లేకుండా ఒకరి నివాసంలోకి ప్రవేశించి అక్కడ దాడి చేసినా, చేయబోయినా అది బర్గ్లరీయే అవుతుంది, ఒక్క వస్తువూ ముట్టుకోనక్కరలేదు. అద్దె ఒప్పందంలో పేరు లేనివాడో, అప్పటికే వేరే చోటికి మారిపోయినవాడో పాత ఇంటికి తిరిగి వచ్చి మాజీ రూమ్మేటు మీద చెయ్యి చేసుకుంటే ఈ ఆరోపణ రావచ్చు. ఇది 2 నుంచి 20 ఏళ్ల శిక్షకు అవకాశమున్న తీవ్రమైన నేరం. అదే దాడి తాను ఉంటున్న ఇంట్లోనే జరిగి, కేవలం నొప్పి కలిగించేదే అయితే గరిష్ఠ శిక్ష ఒక ఏడాది జైలు, 4,000 డాలర్ల జరిమానా. అరెస్టు నాడు పోలీసులు రాసిన ఆరోపణే చివరి దాకా ఉంటుందని కూడా అనుకోకండి. తీవ్రమైన నేరమైతే, అభియోగం మోపాలా వద్దా అని నిర్ణయించే పన్నెండు మంది పౌరుల గ్రాండ్ జ్యూరీలో కనీసం తొమ్మిది మంది అందుకు ఒప్పుకోవాలి. ఆలోగా ప్రాసిక్యూటర్ దాన్ని తగ్గించవచ్చు, పెంచవచ్చు, అసలు వదిలేయవచ్చు.

ప్రశ్న: రూమ్మేటు కేసు వద్దని రాసిచ్చాడని అందరూ అంటున్నారు. అయితే ఆటగాడి తప్పేమీ లేదని తేలినట్టే కదా? (శాన్ ఆంటోనియో నుంచి ఒక అభిమాని)

జవాబు: రాసిచ్చాడో లేదో మీకూ నాకూ తెలియదు, ఇచ్చాడనే అనుకుందాం. అక్కడ క్రిమినల్ కేసులో ఒక పక్షం రాష్ట్ర ప్రభుత్వం. దెబ్బ తిన్న వ్యక్తి కేసు నడపవద్దని ప్రమాణపత్రం ఇచ్చే పద్ధతి టెక్సస్‌లో ఉన్నా, కేసు ఉంచాలా తీసేయాలా అన్నది ప్రాసిక్యూటర్ ఇష్టం. ఒకే ఇంటివారి మధ్య హింస విషయంలో బాధితులు భయంతోనో, అవసరంతోనో, ఒత్తిడితోనో వెనక్కి తగ్గుతారన్నది ప్రాసిక్యూటర్లందరికీ అనుభవంలో ఉన్న సంగతి కాబట్టే ఆ కాగితాన్ని చూడగానే కేసు మూసెయ్యరు.

అయితే నాకు ఇక్కడ ఆందోళన కలిగించేది వేరే. ఇన్ని ఉత్తరాలు వచ్చాయి, ఆటగాడు ఆడతాడా లేదా, వాడి ప్రత్యామ్నాయం ఎవరు, బదిలీ అవుతాడా అని అడిగినవారే తప్ప ఆ రెండో కుర్రవాడికి దెబ్బ తగిలిందా, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాడు అని అడిగినవారు ఒక్కరూ లేరు. అతడూ ఒక విద్యార్థే. తరగతికి వెళితే చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది ఆ జట్టు చొక్కాలు తొడుక్కుని ఉంటారు. అటువంటివాడికి కేసు వెనక్కి తీసుకోమని అభిమానులు ఫోన్లు చేయడం, సందేశాలు పంపడం సరదా వ్యవహారం కాదు. సాక్షిని బెదిరించి గానీ, ఏదైనా ఆశ చూపి గానీ సాక్ష్యం చెప్పకుండా చేయాలని చూడడం టెక్సస్‌లో వేరే నేరం, దానికి జట్టు మీద ప్రేమ మినహాయింపు కాదు.

ఆటగాడు ఇల్లు మారాడు కనుక తప్పు ఒప్పుకున్నట్టేనని ఇంకొందరు రాశారు. ఇటువంటి కేసుల్లో మేజిస్ట్రేటు అత్యవసర రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. అది సాధారణంగా 31 నుంచి 61 రోజుల దాకా అమల్లో ఉంటుంది, ఆ కాలంలో నిందితుడు తాను అద్దె కట్టే ఇంటికే వెళ్లలేకపోవచ్చు. మారడానికి ఆ కారణం చాలు.

ప్రశ్న: విశ్వవిద్యాలయం నోరు మెదపకపోవడం ఏదో దాస్తున్నట్టు కాదా? కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఎందుకు వెంటనే చర్య తీసుకోదు? (అట్లాంటా పాఠకురాలు)

జవాబు: అరెస్టయిన ఆటగాణ్ణి వెంటనే పక్కన పెట్టాలనే ఉమ్మడి నియమం ఎన్‌సీఏఏకు లేదు, ఆ నిర్ణయం విశ్వవిద్యాలయాలదే. తీవ్రమైన నేరారోపణ నమోదైతే తేలే దాకా ఆటకు దూరంగా ఉంచాలని కొన్ని విశ్వవిద్యాలయాలు తమ నియమావళిలో రాసుకున్నాయి, చిన్న ఆరోపణల్లో కోచ్ విచక్షణకు వదిలేస్తాయి.

మౌనానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. విద్యార్థుల విద్యా రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా అనే సమాఖ్య చట్టం 1974 నుంచి అమల్లో ఉంది, క్రమశిక్షణ చర్యల కాగితాలు కూడా దాని పరిధిలోకే వస్తాయి. ఆవరణ పోలీసుల రికార్డులు మాత్రం ఆ చాటున దాక్కోలేవు. లీహై విశ్వవిద్యాలయపు విద్యార్థిని జీన్ క్లీరీ 1986లో తన వసతిగృహపు గదిలో హత్యకు గురైన తరువాత ఆమె తల్లిదండ్రులు చేసిన పోరాటం వల్ల 1990లో వచ్చిన చట్టం ఒకటుంది. ఆవరణలో సొంత పోలీసు లేదా భద్రతా విభాగం ఉన్న ప్రతి విద్యాసంస్థా రోజువారీ నేరాల పట్టికను నిర్వహించి, అడిగినవారికి చూపాలని ఆ చట్టం చెబుతుంది. కాబట్టి దాస్తున్నారన్న అనుమానం ఉంటే ఆ పట్టిక చూడండి. గొడవ ఆవరణ బయటి అపార్ట్‌మెంటులో జరిగితే అది ఊరి పోలీసుల రికార్డులో ఉంటుంది. అరెస్టుకు సంబంధించిన ప్రాథమిక సమాచారం టెక్సస్ సమాచార చట్టం ప్రకారం ఎవరికైనా ఇవ్వవలసిందే.

తొందరపడిన విశ్వవిద్యాలయం ఎలా ఉంటుందో కూడా ఈ దేశం చూసింది. 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయపు లక్రాస్ ఆటగాళ్లు ముగ్గురి మీద అత్యాచార ఆరోపణ వచ్చినప్పుడు సీజన్ రద్దయింది, కోచ్ రాజీనామా చేశారు, ఆవరణలో ఆటగాళ్ల ఫొటోలతో పోస్టర్లు వెలిశాయి. 2007 ఏప్రిల్‌లో నార్త్ కరోలినా అటార్నీ జనరల్ రాయ్ కూపర్ అభియోగాలన్నీ ఉపసంహరించి ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు, కేసు నడిపిన ప్రాసిక్యూటర్ మైక్ నైఫాంగ్ న్యాయవాద వృత్తినే కోల్పోయారు. ఆరోపించిన మహిళ తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది.

ప్రశ్న: శనివారం ఆడతాడా? (పేరు రాయని ఒక పాఠకుడు)

జవాబు: కోచ్‌కే తెలియాలి. ఎస్‌ఈసీ వంటి కాన్ఫరెన్సులు, అంటే విశ్వవిద్యాలయ జట్ల కూటములు, తమ లీగ్ ఆటలకు ముందు ఎవరు అందుబాటులో ఉన్నారో ప్రకటిస్తున్నాయి గానీ అందులో కారణం రాయరు. పందెం కోసం అడుగుతున్నట్లయితే, పందెం వల్లనే ఈ ప్రకటనలు పుట్టాయని గుర్తు చేయక తప్పదు. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలకు క్రీడా పందేలను అనుమతించే వీలు కలిగిన తరువాత ఇటువంటి లోపలి సమాచారానికి ధర ఏర్పడింది. పుకారు పుట్టించేవారిలో అభిమానులు కానివారూ ఉంటారని గ్రహించండి.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితుడికి జట్టులో తెలిసినవాళ్లున్నారు. రూమ్మేటు మాదకద్రవ్యాలు అమ్ముతాడని, గొడవ దాని మీదేనని వాళ్లు చెప్పారట. మా అబ్బాయి అతడి పేరు, ఫొటోతో సహా ఆ సంగతి నలుగురికీ తెలిసేలా పెట్టేశాడు. ఇందులో ప్రమాదమేమైనా ఉందా? (ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి)

జవాబు: ఉందండీ. ఈ ఉత్తరాలన్నింటిలో నాకు ఆదుర్దా కలిగించింది మీదే. జట్టు లోపలివాళ్లు చెప్పారు కనుక నిజమే అయి ఉంటుందన్న నమ్మకం ఎంత బలహీనమో బేలర్ విశ్వవిద్యాలయం ఉదంతం చెబుతుంది. అదీ టెక్సస్‌లోనే, వేకో పట్టణంలో జరిగింది. 2003 జూన్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడు పాట్రిక్ డెనెహీ కనిపించకుండా పోయాడు. అతడితో కలిసి ఉంటూ అదే జట్టులో ఆడిన కార్ల్‌టన్ డాట్‌సన్ జూలైలో అరెస్టయ్యాడు, కొద్ది రోజులకే డెనెహీ శవం దొరికింది. 2005లో డాట్‌సన్ హత్యానేరం ఒప్పుకోగా 35 ఏళ్ల శిక్ష పడింది. ఈలోగా జరిగినది మీరు గమనించాలి. డెనెహీ చదువు రుసుము నిబంధనలకు విరుద్ధంగా కట్టింది కోచ్ డేవ్ బ్లిస్. అది బయటపడకుండా ఉండాలని, చనిపోయిన కుర్రవాడు మాదకద్రవ్యాలు అమ్మి ఆ డబ్బు కట్టుకున్నాడని విచారణ అధికారులకు చెప్పమని ఆయన ఆటగాళ్లకు నూరిపోశారు. సహాయ కోచ్ ఏబర్ రౌస్ ఆ మాటలను రహస్యంగా రికార్డు చేయబట్టి నిజం బయటికి వచ్చింది గానీ, లేకుంటే ఆ కథ జట్టు లోపలి నుంచి వచ్చిన సమాచారంగానే చెలామణీ అయ్యేది. లోపలివారికి విషయం తెలిసే అవకాశం ఎంత ఎక్కువో, దాన్ని మరోలా చెప్పవలసిన అవసరం కూడా అంత ఎక్కువ.

ఇక చట్టం సంగతి. 1996 నాటి సమాఖ్య చట్టంలోని 230వ విభాగం ఇతరులు రాసిన మాటలకు సామాజిక మాధ్యమ సంస్థను బాధ్యత నుంచి కాపాడుతుంది, రాసిన మనిషిని కాపాడదు. ప్రసిద్ధ వ్యక్తులు పరువునష్టం దావా గెలవాలంటే రాసినవారికి అది అబద్ధమని తెలుసుననో, నిజానిజాలను బొత్తిగా లెక్క చేయలేదనో రుజువు చేయాలి. ఈ సూత్రాన్ని 1967లో సుప్రీంకోర్టు ప్రసిద్ధ వ్యక్తులకు విస్తరించింది కూడా కళాశాల ఫుట్‌బాల్ కేసులోనే. ఆట ఫలితాన్ని ముందే కుదుర్చుకున్నారని రాసిన పత్రిక మీద జార్జియా విశ్వవిద్యాలయపు క్రీడా విభాగాధిపతిగా పనిచేసిన వాలీ బట్స్ వేసిన దావా అది, ఆయనే గెలిచారు. పేరున్న ఆటగాడికి ఈ కఠినమైన కొలత వర్తించవచ్చు. రూమ్మేటు మాత్రం ప్రసిద్ధుడు కాదు, సాధారణ పౌరుడు కనుక రాసినవారు తగిన జాగ్రత్త తీసుకోలేదని చూపితే నష్టపరిహారానికి దారి తెరుచుకుంటుంది. పైగా ఒకరిని మాదకద్రవ్యాలు అమ్మే నేరస్థుడనడం పరువుకు నష్టం కలిగించేదే.

అందుచేత ముందుగా మీ అబ్బాయి రాసినదాని ప్రతి ఒకటి భద్రపరచమనండి, ఆ తరువాత దాన్ని కనిపించకుండా తీసేయమనండి. ఆధారాన్ని నాశనం చేశాడన్న మాట పడకుండా ఉండాలంటే ఈ వరుస ముఖ్యం. ఎవరి చేతికి అందిందో వారికే చేరేలా, తాను రాసినదానికి తన వద్ద ఆధారం లేదని స్పష్టంగా ఇంకో మాట రాయాలి. టెక్సస్‌లో పరువునష్టం దావా ఏడాదిలోగా వేయాలి, వేసేవారు ముందుగా సవరణ కోరాలి; అలా కోరిన 30 రోజులలోగా సరైన సవరణ వెలువడితే అది సకాలంలో జరిగినట్టు లెక్క. అవతలివారు అడిగే దాకా ఆగనక్కరలేదు. ఒక న్యాయవాదికి ఆ ప్రతి చూపించి, సవరణలో ఏ మాటలు ఉండాలో రాయించుకోండి. క్షమాపణ చెబుతూ రూమ్మేటుకు నేరుగా ఫోన్ చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆపండి. కేసు నడుస్తున్నప్పుడు సాక్షి కాబోయే మనిషికి ఫోన్ చేయడాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో చెప్పలేం.

ప్రశ్న: మామూలు విద్యార్థి అరెస్టయితే మీరు ఇంత జాగ్రత్తగా రాస్తారా? ఆటగాడు కాబట్టే ఈ సానుభూతి. (సియాటిల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. 2021 జూలై నుంచి కళాశాల ఆటగాళ్లు తమ పేరుతో సంపాదించుకోవచ్చు, 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా వారికి ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. మంచి న్యాయవాదిని పెట్టుకోగలిగే స్తోమత, పూచీకత్తు కట్టడానికి ముందుకొచ్చే మనుషులు, కోచ్ సిఫారసు వారికి ఉంటాయి. అదే గొడవలో అరెస్టయిన మామూలు విద్యార్థి సోమవారం పరీక్షకు జైలు నుంచి రాలేక సెమిస్టరు పోగొట్టుకున్నా వార్త కాదు. కాని అతడికి ఎదురుకాని అభిమానుల ఊహలు ఆటగాడికి ఎదురవుతాయి. కేసు కొట్టేసిన తరువాత టెక్సస్ చట్టం అరెస్టు రికార్డును చెరిపేసే వీలు కల్పిస్తుంది. కోర్టు గుమాస్తా, పోలీసు విభాగం తమ కాగితాలు నాశనం చేయాలి. పోలీసు స్టేషన్‌లో తీసిన ఆ ఫొటోను దాచుకున్న వేలాది అభిమానులకు అటువంటి ఉత్తర్వు వెళ్లదు. నేను ఇద్దరి పేర్లూ రాయకుండా వదిలింది ఆటగాడి కోసమే కాదు, ఆ రెండో కుర్రవాడి కోసం కూడా.